ఎయిట్ మైల్ దాటని మనోధర్మం

కిందటేడాది ఉగాది కార్యక్రమానికి మా అమ్మాయి పేరు ఇవ్వబోతే కల్చరల్ కమిటీ వారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం వాయిద్యమండీ?" అని. వైబ్రఫోన్ అన్నాను. రెండో ప్రశ్న రాలేదు. "మన సంస్కృతికి సంబంధించింది అయితే బావుంటుంది కదా, ఏమీ అనుకోకండి" అన్నారు. సరే, అప్పటికి ఏమీ అనుకోలేదు. ఆ సాయంత్రం లాప్‌టాప్‌లో ట్రాకులు పెట్టి తొమ్మిది సినిమా డాన్సులు వేశారు. పులిహోర మాత్రం చాలా బావుంది.

ఇప్పుడు అనుకుంటున్నాను.

నేనూ తక్కువ తినలేదు లెండి. స్కూలు బాండులో వాయించి వాయించి, ఆ వాయిద్యాన్ని అద్దెకు తెచ్చి బేస్‌మెంట్‌లో పెట్టించినప్పుడు, "ఏడేళ్ళు కర్ణాటక సంగీతం చెప్పించింది ఇందుకా?" అన్నది నేనే. మూడు ఆక్టేవుల అల్యూమినియం పలకలు, కింద గొట్టాలు, గొట్టాల మూతిలో మోటారుతో తిరిగే బిళ్ళలు. పెడల్ తొక్కితే మోత నిలుస్తుంది, వదిలితే ఆగుతుంది. తొక్కే ఉంచితే స్వరాలన్నీ కలిసి పెళ్ళిపందిరి గోల అయిపోతుంది. అందుకని ఒక చేత్తో కొత్త స్వరం కొడుతూనే, రెండో చేతి మాలెట్‌తో పాత పలకని మెత్తగా తాకి నోరు మూయించాలి. ఈ ఒక్కటీ పట్టుబడడానికి దానికి ఒక చలికాలం మొత్తం పట్టింది.

అసలు విషయం అది కాదు. దాని గురువు, డెట్రాయిట్‌లో ఒక పెద్దాయన, కాగితం మీద పన్నెండు గళ్ళు గీసి కార్డుల పేర్లు మాత్రం రాసి ఇచ్చాడు. స్వరాలు లేవు. "ముందు పాడు. పాడలేనిది వాయించకు" అన్నాడట. మన గురువులు అనే మాటే! మనకి షడ్జం కదలదు, శ్రుతిపెట్టె పట్టుకుని ఉంటుంది. బ్లూస్‌లో కార్డు మారినప్పుడల్లా ఆధారమే మారుతుంది. ఎఫ్ బ్లూస్‌లో మొదటి గడిలో అంతర గాంధారంగా ఉన్న స్వరం, ఐదో గడికి వచ్చేసరికి అరమెట్టు దిగి కొత్త కార్డుకి కైశిక నిషాదం కావాలి. ఆ దిగడం ఎక్కడ, ఎంత ఆలస్యంగా, ఎంత వయ్యారంగా అన్నది వాయించేవాడి ఇష్టం. దీన్ని మనోధర్మం అనకపోతే మరేమంటారు?

మరి మన ఇళ్ళల్లో? కల్పనస్వరాలు నోటుపుస్తకంలో రాయించుకుని బట్టీపట్టి అరంగేట్రంలో అప్పజెప్పే పిల్లల్ని డజన్లకొద్దీ చూశాను. కల్పన గురువుగారిది, కాలేజీ అప్లికేషన్ పిల్లది. మనోధర్మం మన సొత్తని స్పీచులిచ్చేది మాత్రం మనం.

మన ఊరికి దక్షిణపు సరిహద్దే ఎయిట్ మైల్ రోడ్డు. దాని మీదే తూర్పుగా అరగంట పోతే లివర్నోయ్ దగ్గర బేకర్స్ కీబోర్డ్ లౌంజ్, 1930ల నుంచీ జాజ్ వినిపిస్తున్న చోటు. "అటు పోకండి, పోయినా కారు తలుపులు లాక్ చేసుకోండి" అని కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పడం తప్ప, ఆ రోడ్డుతో మనకేం సంబంధం? 1923లో ఆ డెట్రాయిట్‌లోనే పుట్టాడు మిల్ట్ జాక్సన్. లయొనెల్ హాంప్టన్ మోటారు సెకనుకు పది చుట్లు తిప్పితే, జాక్సన్ మూడు చిల్లరకి తగ్గించి, ఆ లోహానికి మనిషి గొంతు తెప్పించాడు. ఆ ఊరిపిల్లే టెరీ పొలార్డ్, పియానోతో పాటు వైబ్రఫోనూ వాయించి 1950లలో మగవాళ్ళ బాండ్లలో నిలబడింది. నల్లవాళ్ళ సంగీతమని చెవులు మూసుకుంటే నష్టం వాళ్ళకి కాదు.

ఒక ఆక్షేపణ మాత్రం నిజం. పలక మీద గమకం పలకదు. గట్టి మాలెట్‌తో నొక్కి జారిస్తే కాస్త వంగుతుంది, అంతే. తోడి దాని మీద అన్యాయమైపోతుంది. అదే అమ్మాయితో అంటే, "నేను తోడి వాయిస్తానని ఎప్పుడన్నాను నాన్నా?" అంది. అది అడిగింది మోహన. వయొలిన్ సముద్రం దాటి వచ్చి రెండువందల ఏళ్ళు. పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కచేరీకి కూర్చుంటే మనవాడని చెప్పుకున్నాం, ఆయన జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన వాయిస్తే ఇంకా గట్టిగా చెప్పుకున్నాం. పింగాణీ గిన్నెల్లో నీళ్ళు పోసి పుల్లలతో కొడితే జలతరంగం, శాస్త్రీయం. అల్యూమినియం పలకలకి మాత్రం వీసా ఇవ్వరా?

ఆ తిరస్కారం తర్వాత మూడు వారాలు బేస్‌మెంట్‌లో లైటు వెలగలేదు. నాకు దిగులు పుట్టింది అప్పుడే. లేబర్ డే నాడు డౌన్‌టౌన్ జాజ్ ఫెస్టివల్‌కి తీసుకెళ్ళాను. 1980 నుంచీ జరుగుతోందది, టికెట్టు కూడా లేదు. పాతికేళ్ళుగా ఇక్కడుంటూ నేను వెళ్ళడం అదే మొదలు. తిరిగొచ్చిన రాత్రి కింద నుంచి మోహన వినపడింది, మధ్యలో ఎక్కడో బ్లూస్‌లోకి జారి, మళ్ళీ ఇల్లు చేరింది.

ఈ ఏడాది ఉగాది ఫారం వచ్చింది. అదే నింపింది. వాయిద్యం: వైబ్రఫోన్. అంశం: మోహన, ఏడు నిమిషాలు. "ట్రాక్ జతచేయండి" అన్నచోట, "ట్రాక్ లేదు. ఏం వాయిస్తానో నాకే తెలియదు" అని రాసింది. రేపు తీసుకెళ్ళి కమిటీ వారి చేతికి ఇస్తున్నాను.