చట్టం ఉంది, అమలు చేయండి

బడిపిల్లల మొబైల్, సోషల్ మీడియా వాడకాన్ని తగ్గించేందుకు మార్గదర్శకాలు తెస్తామని 2025 జనవరిలో గుజరాత్ ప్రాథమిక విద్యాశాఖ సహాయమంత్రి హోదాలో ప్రఫుల్ పాన్‌శేరియా ప్రకటించారు. సూరత్ శివారులోని కామ్‌రేజ్ ఆయన నియోజకవర్గం. ఇన్‌స్టాగ్రామ్ పరిచయాన్ని నమ్మి ఆరావళి జిల్లాలో పదేళ్ల పాప ఇల్లు విడిచి వెళ్లిన ఉదంతం అప్పటికే గుజరాత్‌ను కలవరపెట్టింది. పిల్లల ముందు పెద్దలు ఫోన్ పక్కన పెట్టాలని, పిల్లలను ఆటల వైపు, పుస్తకాల వైపు మళ్లించాలని మంత్రి చెప్పిన మాటల్లో తప్పేమీ లేదు. తప్పు ఆ మాటలు ఎవరికి చెప్పారన్న దగ్గరే ఉంది. తల్లికి చెప్పారు, తండ్రికి చెప్పారు, పంతులుకు చెప్పారు. పొట్టి వీడియోల యంత్రాన్ని తయారుచేసి, నడిపి, దానిమీద లాభం తీసుకుంటున్న కంపెనీకి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆ తల్లిదండ్రులు ఎలా బతుకుతున్నారో చూడండి. కామ్‌రేజ్ నుంచి సూరత్ వైపు వెళ్తుంటే లస్కాణా మరమగ్గాల షెడ్లు కనిపిస్తాయి. ఇంకా ముందుకెళ్లి లింబాయత్, ఉధనా చేరితే వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలున్నాయి. సూరత్‌లో సాంచా (మరమగ్గం) మీద పని అంటే మామూలుగా పన్నెండు గంటల షిఫ్ట్. ఒక్క మనిషి ఒకేసారి అనేక సాంచాలు చూసుకోవాలి. ఆ మోతలో పక్కవాడి మాట వినిపించదు, సైగలతోనే పని నడుస్తుంది. షిఫ్ట్ దిగిన మనిషికి సినిమాకు వెళ్లే ఓపిక ఉండదు, పుస్తకం తెరిచే నిదానం ఉండదు. చేతిలోని ఫోన్‌లో అర నిమిషానికి ఒక నవ్వు, ఒక పాట, సొంతూరి బతుకమ్మ కనిపిస్తుంటే అతను చూడకుండా ఎలా ఉంటాడు? సూరత్‌లో పుట్టిన పిల్లలు తాత ఊరి యాసను ఆ తెరమీదే వింటున్నారు. ఈ ఆకర్షణను చిన్నచూపు చూసేవాళ్లతో మేం ఏకీభవించం. పెట్టుబడి, పరపతి, చదువు లేని కూలీ, ముసలవ్వ, గేదెలు కాసే కుర్రాడు లక్షలమంది ముందు నిలబడే అవకాశం తెలుగు నేలమీద ఇంతకుముందు ఏ మాధ్యమమూ ఇవ్వలేదు. అది నిజమైన మేలు, దాన్ని కాపాడుకోవాలి.

కానీ మేలు చేసేది వీడియో. కీడు చేసేది ఆ వీడియోలను ఒకదాని వెనుక ఒకటి తోసే ఏర్పాటు. పత్రికకు చివరి పేజీ ఉంది. సినిమాకు శుభం కార్డు ఉంది. ఈ తెరకు మాత్రం అడుగు లేదు. కిందికి జరిపేకొద్దీ పేజీ పెరుగుతూ పోయే పద్ధతిని 2006లో రూపొందించిన ఇంజనీరు ఆజా రాస్కిన్ తర్వాత దాని గురించి బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డారు. దానికి ఇప్పుడు నిఘా తోడైంది. ఏ బొమ్మ దగ్గర వేలు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏది రెండోసారి చూశారు అన్నది యంత్రం లెక్కగట్టి, ఆ మనిషిని కదలనివ్వనిదేదో తేల్చి, దాన్నే మళ్లీ ముందుకు తెస్తుంది. మనిషికి ఏది మంచిదన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. ఇన్‌స్టాగ్రామ్ కొందరు టీనేజీ అమ్మాయిలకు తమ శరీరంపై ఉన్న అసంతృప్తిని ఇంకా పెంచుతోందని ఆ కంపెనీ సొంత పరిశోధనే తేల్చింది. 2021లో ఆ పరిశోధన పత్రాలు బయటపడేదాకా లోకానికి ఆ సంగతి చెప్పలేదు. తెలిసి దాచిన వాళ్ల మీద వేయాల్సిన బాధ్యతను, రాత్రి షిఫ్ట్‌లో ఉండి బిడ్డ ఏం చూస్తోందో చూడలేని తల్లి మీద వేయడం అన్యాయం.

నిషేధం ఒక్కటే మందు అనేవారు 2020ను గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఏడాది జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను మూసేసింది. సరిహద్దు ఉద్రిక్తతల నడుమ, దేశ భద్రత పేరుతో తీసుకున్న నిర్ణయమది. తొమ్మిది రోజులకే, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ ప్రారంభించింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో అందరికంటే ముందు ఇక్కడే పరీక్షకు పెట్టింది. పేరు మారింది, యజమాని మారాడు, యంత్రం అలాగే ఉంది.

ఆ యంత్రం ఎక్కడికి దారితీసిందో తెలుగువాళ్లు 2025లో చూశారు. బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారన్న ఆరోపణపై ఆ మార్చిలో హైదరాబాద్ పోలీసులు యూట్యూబర్ల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినీనటుల మీద కేసులు పెట్టారు. నవ్వించే వీడియోకూ జూదం యాప్‌కూ మధ్య దూరం ఒక్క వేలి కదలిక. ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రచారం చేసినవాళ్ల పేర్లు కేసుల్లోకి ఎక్కాయి. ఆ ప్రచారాన్ని ఎవరి తెరమీదికి పంపాలో ఎంచిన యంత్రం సంగతి పెద్దగా ఎవరూ అడగలేదు.

అడగడానికి చట్టం లేదా అంటే, ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని తొమ్మిదో సెక్షన్ పద్దెనిమిదేళ్ల లోపు వారి నడవడిని కనిపెట్టి చూడకూడదని, వారిని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని చెబుతోంది. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. నడవడిని కనిపెట్టకపోతే నేటి రీల్స్ యంత్రం నడవనే నడవదు. అంటే ఈ సెక్షన్‌ను అక్షరాలా అమలు చేసిన రోజున, పిల్లల ముందు ఈ రూపంలో ఆ తెర నిలబడలేదు. కొత్త చట్టం అక్కర్లేదు. కానీ నియమాలు వచ్చేసరికే 2025 నవంబరు అయింది. వాటిలో ఈ బాధ్యతలకు మరో పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. కంపెనీలకు అంత వ్యవధి దేనికి? ఎవరు ఎక్కడ ఎంతసేపు ఆగారో రెప్పపాటులో లెక్కగట్టగలిగిన వాళ్లకు ఆ లెక్క ఆపడానికి ఏడాదిన్నర కావాలనడం నమ్మశక్యం కాదు.

పదహారేళ్ల లోపు వారికి ఖాతాలే వద్దంటూ ఆస్ట్రేలియా తెచ్చిన చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. అలాంటి ఆలోచన తమకూ ఉందని 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ చెప్పారు. ఆ సంకల్పాన్ని తప్పుపట్టం గానీ, మగ్గం ఇంటి సంగతి వేరు. అక్కడ చాలా ఇళ్లలో పిల్లలకు వేరే ఫోన్ ఉండదు. సిమ్ నాన్న పేరు మీద, ఖాతా నాన్న పేరు మీద ఉంటుంది. నాన్న నిద్రపోయాక ఆ ఫోన్‌లోనే పిల్లవాడు చూస్తాడు. వయసు అడిగే గడప అక్కడ ఎవరినీ ఆపదు.

అందుకే మా తీర్పు ఇది. మార్పు ఖాతాలో కాదు, తెరలోనే రావాలి. చూస్తున్నది పెద్దవారని రూఢి కానంతవరకూ పిల్లవాడే చూస్తున్నాడని కంపెనీ భావించాలి. నడవడిని బట్టి వీడియోలు పేర్చే పద్ధతి ఎవరికైనా సరే, కోరి తెరుచుకుంటే తప్ప మూసి ఉండాలి. వీడియో ముగియగానే తెర ఆగాలి, తర్వాతిది తనంతట తాను మొదలుకాకూడదు. మనిషి నడవడితో సంబంధం లేకుండా వీడియోలు చూపే వీలు యూరప్‌లో పెద్ద కంపెనీలు 2023 ఆగస్టు నుంచి ఇచ్చి తీరాల్సి వస్తోంది. అక్కడ చేయగలిగింది సూరత్‌లోనూ, సిరిసిల్లలోనూ ఇవే కంపెనీలు చేయగలవు.

గుజరాత్ ప్రభుత్వం బళ్లకు సలహాలు పంపడంతో సరిపెట్టకుండా, తొమ్మిదో సెక్షన్‌కు ఇచ్చిన గడువును రద్దు చేయమని కేంద్రాన్ని లిఖితపూర్వకంగా అడగాలి. మొదటి సంతకం కామ్‌రేజ్ ఎమ్మెల్యేదే కావాలి, ఎందుకంటే పిల్లల గురించి ముందుగా మాట ఇచ్చింది ఆయనే. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ వెంటే సంతకాలు చేయాలి. 2027 మే దాకా ఎందుకు ఆగాలో కేంద్రం పార్లమెంటులో కారణం చూపాలి. చూపలేకపోతే ఆ సెక్షన్‌ను వెంటనే అమల్లో పెట్టాలి.