ట్రోపోనిన్: అంకె ఒక్కటే చూస్తే సరిపోదు

"ట్రోపోనిన్ పెరిగితే గుండెపోటు" అని నోట్స్‌లో రాసుకున్నారా? ఆ లైను కొట్టేయండి.

ట్రోపోనిన్ గుండె కండరంలోని ప్రోటీన్. కండరం దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో 99వ పర్సంటైల్‌ను హద్దుగా తీసుకుంటారు. కానీ ఆ ఆరోగ్యవంతులు ఎక్కువగా పెద్దవాళ్లే. 15 ఏళ్ల కుర్రాడికి అదే కొలబద్ద ఎలా సరిపోతుంది? పైగా చాలాసేపు పరుగెత్తితే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ అది పెరిగి, మళ్లీ తగ్గిపోతుంది. క్యాలిబ్రేషన్ సరిచూడని మీటర్ రీడింగ్‌ను ఏ ఇంజనీరూ నమ్మడు. మరి మనమెందుకు నమ్మాలి?

పరీక్షే వద్దనడం లేదు. ఛాతీనొప్పితో వచ్చిన పిల్లాడిలో మయోకార్డైటిస్‌ను పట్టుకోవడానికి అది కావాలి. ఏ లక్షణమూ లేని పిల్లలకు "హార్ట్ ప్యాకేజీ" పేరుతో అమ్మడమే తప్పు. అక్కడ దొరికేది జబ్బు కాదు, తల్లిదండ్రుల భయం.

మన పిల్లల గుండెకు అసలు ముప్పుల్లో ఒకటి రుమాటిక్ జ్వరం. గొంతు ఇన్‌ఫెక్షన్‌తో మొదలై, ముఖ్యంగా 5-15 ఏళ్ల వయసులో వచ్చి, గుండె కవాటాలను పాడుచేస్తుంది. ఆ నష్టాన్ని పట్టేవి స్టెతస్కోపు, ఎకో. మళ్లీ రాకుండా ఆపేది 3-4 వారాలకోసారి ఇచ్చే చవకైన పెన్సిలిన్ ఇంజెక్షన్. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు ఏడాదికోసారి వెళ్లాలి. ఆ జాబితాలో ఈ జబ్బు కూడా ఉంది.

జీఎస్-2లో ఆరోగ్యంపై ప్రశ్న వస్తే ఇది రాయండి. రేపు జిల్లా మీ చేతికొస్తే ముందు అడగాల్సింది కొత్త కిట్ల గురించి కాదు: "ఈ ఏడాది ఆ బృందం ఎన్ని బడులకు వెళ్లింది?"