తినేది మనమే, తరిమేదీ మనమే

పోయిన నెల మా వీధిలో ఒక కాగితం తిరిగింది. మలుపులో కానుగచెట్టు కింద నిలబడే నాలుగు తోపుడుబండ్లనూ వెంటనే తీయించవలసిందని నగరపాలక అధికారులకు విన్నపం. బెంగళూరులో ఇటువంటి కాగితాలు కొత్తేమీ కాదు. కొత్త సంగతేమిటంటే మొదటి పది సంతకాల్లో ఆరు మన తెలుగువాళ్లవి. ఆ ఆరుగురిలో ఇద్దరు, అంతకు రెండు వారాల ముందే మన సాహిత్య సమావేశంలో తెలుగువారి రుచుల గురించి గంటసేపు ఉపన్యసించినవారు. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. కోపం వచ్చేవారికి వస్తే రానివ్వండి.

నేను బ్యాంకులో అధికారిని. చదివింది బి.కాం. ఏ సంగతైనా జమాఖర్చులతో మొదలుపెట్టడం నాకు అలవాటు. సాయంత్రం బస్సు దిగగానే ఉడకబెట్టిన శనక్కాయలు ఒక పొట్లం. వాన పడితే రెండు మిరపకాయ బజ్జీలు. స్నేహితుడు కలిస్తే బై టూ కాఫీ. ధనుర్మాసం చలిలో అనపకాయలు. నెలంతా కూడితే ఇది మా అబ్బాయి ఒక్కసారి మాల్‌కు వెళ్లి పెట్టే ఖర్చుకు రాదు. అయినా ఇంట్లో దీని పేరు ‘దుబారా’, దాని పేరు ‘సరదా’. ఆ పావుగంటసేపు నేను అధికారిని కాను, ఎవరి ఫైలూ నా ముందుండదు, వేలికంటిన ఉప్పునీళ్లు తుడుచుకునే మామూలు మనిషిని. ఈ లాభాన్ని ఏ పద్దులో రాయాలో నా చదువు నాకు నేర్పలేదు.

ఆ బండి ఆమెది ముళబాగిలు వైపు. ఏడాదంతా శనక్కాయలు ఉడికించినా, డిసెంబరు వచ్చిందంటే అనపకాయలకు మారుతుంది. ముందురాత్రి గింజలు నానబెట్టి, తెల్లవారుజామున ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య నొక్కి తొక్క వదిలిస్తుంది. సేరు పప్పు తీయాలంటే వేళ్లు పీకుతాయి. మనం దాన్ని పితికిన పప్పు అంటాం, కన్నడంవారు హితికిద బేళె అంటారు. మన ‘పాలు’ వాళ్ల ‘హాలు’ అయినట్టే, ఇక్కడా ప పోయి హ వచ్చింది. అక్కచెల్లెళ్ల భాషలు ఒకే పళ్లెంలో కూర్చున్నాయి. “ఏం సార్, నిన్న మంచు బాగా పడింది, కాయ వాసన చూడండి” అని ఆమె పలకరించే తెలుగు మన ఉగాది వేదికల మీద వినబడదు. మన పిల్లలు ఇంటి గడప దాటాక, ఏ పండగా ఏ సభా లేకుండా, మామూలుగా తెలుగు వినే చోట్లు ఈ నగరంలో ఎన్ని మిగిలాయి? ఉన్న ఒక్కదాన్నీ తీయించమని మనమే అర్జీ పెడుతున్నాం.

అవతలివారి వాదాలు లేకపోలేదు. శుభ్రత లేదంటారు. నిజమే, బకెట్టులో ఒకే నీళ్లు నాలుగుసార్లు వాడడం నేనూ చూశాను. అయితే అడగవలసింది కొళాయిని కదా, బండి తొలగింపును కాదు. కాలిబాట నడిచేవాళ్లదంటారు. అదీ నిజమే. మరి అదే కాలిబాట మీదికి సగం ఎక్కించి నిలిపిన కార్లెవరివి? కాగితంలో వాటి ఊసు లేదేం? 1943లో గాంధీబజారులో విద్యార్థుల కోసం చిన్నగా మొదలైన విద్యార్థి భవన్ ముందు ఈనాటికీ ఆదివారాలు జనం బారులు తీరుతారు. ఆ బారులో నేనూ నిలబడ్డాను, సంతకాలు పెట్టినవారూ నిలబడ్డారు. అప్పుడు కాలిబాట ఎవరికీ గుర్తుకు రాలేదు. పేరు పెద్దదైతే మనకది సంస్కృతి, చిన్నదైతే అడ్డం.

చట్టం మాట కూడా చెబుతాను. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ముందు సర్వే చేసి, ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని అందులో ఉంది. తరలించవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఎక్కడ అమ్మాలో తేల్చే పట్టణ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాలి. మా వీధి కాగితంలో ‘అక్రమం’ అన్న మాట ఐదుసార్లుంది, ఈ చట్టం పేరు ఒక్కసారీ లేదు.

ఇంతవరకూ ఇతరులను అన్నాను. ఇప్పుడు నా సంగతి. 2020 జూన్‌లో వీధి వ్యాపారుల కోసం స్వనిధి పథకం వచ్చింది. హామీ లేకుండా 10,000 రూపాయల అప్పు, ఏడాదిలో తీర్చాలి, సకాలంలో కడితే వడ్డీలో 7 శాతం రాయితీ. 2025లో ఆ మొదటి అప్పును 15,000 చేశారు. మొదట్లో “ఇవి తిరిగొచ్చే సొమ్ములు కావు” అని మా బ్రాంచిలో అందరికన్నా ముందు అన్నవాణ్ణి నేనే. ఈమె దరఖాస్తును ఏదో ఒక వంకతో మూడుసార్లు తిప్పి పంపాను. పగలు ఆమె కాగితాన్ని తిప్పికొట్టి, సాయంత్రం ఆమె బండి దగ్గరే నిలబడి తిన్నాను. ఆమె ఒక్క మాట అనలేదు. పొట్లంలో ఒక్క గింజ తగ్గించలేదు. నాలుగోసారి అప్పు ఇచ్చాం. పన్నెండు వాయిదాలూ తేదీ తప్పకుండా కట్టింది. ఒక్కరు కడితే అందరూ కట్టినట్టా అని అడగవచ్చు. కాదు, కట్టనివారూ ఉన్నారు. వాళ్లు బండ్లవాళ్లలోనే కాదు, బంగళాలవాళ్లలోనూ ఉన్నారని ముప్ఫై ఏళ్ల ఉద్యోగం నాకు నేర్పింది. కాబట్టి ఆ కాగితం తెచ్చినవారిని తిట్టే అర్హత నాకు పూర్తిగా లేదు. అదే తప్పును రెండోసారి చేయకుండా ఉండే అవకాశం మాత్రం ఉంది.

చిన్న సుఖాలు అనుభవించడం తప్పు కాదు. వాటిని చేసిపెట్టే చేతికి నిలబడే చోటు లేకుండా చేసి, తరువాత వాటి మీద వ్యాసాలు రాసుకోవడం తప్పు. రుచి గురించి మాట్లాడే ప్రతి సంఘమూ ముందుగా తన వీధి మలుపులో ఎవరున్నారో చూడాలి.

ఆ విన్నపం నా దగ్గరికి వచ్చినప్పుడు వేరే కాగితం తీసుకుని మూడు కోరికలు రాశాను. చెట్టు దగ్గర ఒక కొళాయి. ఒక చెత్తడబ్బా. బండ్లకూ గోడకూ మధ్య నాలుగడుగుల దారి. కింద సంతకాలకు చోటు వదిలాను. ఇంతవరకు నాది కాక మూడు పడ్డాయి. ఒకటి మా ఆవిడది, ఒకటి ఎదురింటి కన్నడ మేష్టారిది, ఒకటి మందుల షాపు కుర్రవాడిది. ఆ ఆరుగురు తెలుగువారి కోసం చోటు ఇంకా ఖాళీగానే ఉంది.