యజమాని లేని సొమ్ముకు పెద్దలెవరు?

బ్యాంకు లేదు, ప్రభుత్వం లేదు, అధికారం అందరిదీ. క్రిప్టో కరెన్సీ గురించి మన యౌవనస్థులు తరచుగా వింటున్న మాట ఇది. అధికారం ఎవరిదో మామూలు రోజుల్లో తెలియదు, ఆపద వచ్చినప్పుడే బయటపడుతుంది. 2016లో ఎథీరియంలో జరిగిన సంగతి అందుకు సాక్ష్యం.

ఆ ఏడాది ఏప్రిల్ నెలాఖరులో 'ది డావో' అనే ఉమ్మడి నిధి మొదలైంది. దానికి మేనేజరు లేడు. కంప్యూటరు ప్రోగ్రామే చట్టమన్నారు. వేలాదిమంది సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ అందులో వేశారు. జూన్ 17న ఎవరో ఆ ప్రోగ్రాములోని లోపాన్ని పట్టుకొని సుమారు 36 లక్షల ఈథర్‌ను మళ్లించారు. నిధి నిబంధనల ప్రకారం ఆ సొమ్మును కొన్ని వారాలపాటు వాడుకోవడానికి వీల్లేదు. ఈలోగా వాదన రేగింది. ప్రోగ్రామే చట్టమైతే ఇది దొంగతనం ఎలా అవుతుందని కొందరు, సొమ్ము కళ్లెదుటే ఉండగా బాధితులను విడిచిపెట్టడం న్యాయమా అని మరికొందరు.

జూలై 20న లెక్కల పుస్తకాన్నే సవరించి సొమ్ము తిరిగి ఇచ్చే ఏర్పాటు చేశారు. సాఫ్ట్‌వేర్ రాసే కొద్దిమంది ఆ మార్పును సిద్ధం చేశారు. లావాదేవీలను నమోదు చేసే మైనర్లలో అత్యధికులు దాన్ని అమలుచేశారు. నాణేలున్నవారి అభిప్రాయం అడిగారు గాని, అక్కడ మనిషికొక ఓటు కాదు, ఎన్ని నాణేలుంటే అంత బలం. మొత్తం ఈథర్‌లో పదో వంతు కూడా ఆ ఓటుకు రాలేదు. ఒప్పుకోనివారు పాత పుస్తకాన్నే కొనసాగించారు. అదే ఎథీరియం క్లాసిక్.

బాధితులకు సొమ్ము చేరడం మంచిదే. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే తిరిగి ఇప్పించగలిగిన చెయ్యి ఇవ్వకుండా ఆపగలదు కూడా. ఆ నిధి పెద్దది గనుక అందరూ కదిలారు. ఒక చిన్న కుటుంబం దాచుకున్న సొమ్ము పోతే లెక్కల పుస్తకాన్ని ఎవరు సవరిస్తారు?

మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉంది. పన్ను కట్టినంత మాత్రాన ప్రభుత్వం మన సొమ్ముకు పూచీ పడినట్టు కాదు. కనుక 'ఇక్కడ పెద్దలెవరూ లేరు' అని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి: నిబంధన మార్చేది ఎవరు? మాకు ఓటుందా? నష్టం వస్తే జవాబు చెప్పేది ఎవరు? సరైన జవాబు దొరికేవరకు పిల్లల చదువుకు, పెండ్లికి దాచినది అందులో పెట్టకండి.