రాతినార గుట్టలూ, మన పొగా

అమీర్‌పేట, పంజగుట్టల్లో మోటార్ల పొగ మింగుతూ నడిచే మనకు కొత్త ఓదార్పు వినిపిస్తున్నారు: గనుల వ్యర్థం బొగ్గుపులుసు వాయువును తాగి రాయిగా మార్చేస్తుందట, ఇక బెంగ లేదట! శాస్త్రం అబద్ధం కాదు. మెగ్నీషియం ఉన్న రాతిపొడి ఆ వాయువుతో కలిసి కార్బనేటవుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మౌంట్ కీత్ నికెల్ గని వ్యర్థం ఏటా సుమారు 40,000 టన్నులు పీలుస్తున్నదని 2014లో పరిశోధకులు లెక్కకట్టారు. ఆ గని వదిలిన దానిలో అది తొమ్మిదో వంతు. ఈ రెండో మాట మనవాళ్లు చెప్పరు.

మనకు దగ్గరివి పులివెందుల పాత రాతినార గనులు. అక్కడి సర్పెంటైన్ రాతిలో మెగ్నీషియం ఉన్నమాట నిజమే. కాని దాని చుట్టూ ఉన్న డోలమైట్ ఎప్పుడో కార్బనేటయిన రాయి. కడుపు నిండినవాడికి విస్తరి వేసినట్టు! మిగిలినది త్వరగా పనిచేయాలంటే మెత్తగా నూరాలి. నూరితే లేచేది ఊపిరితిత్తుల్లో దిగి, ఏళ్ల తరవాత కాన్సరై బయటపడే ధూళి. దాన్నెవరు పీల్చాలి? పంజగుట్ట మేడల్లో లెక్కలు వేసేవారా? కాదు, నిన్న తవ్విన కూలీయే.

నార అమ్మిన లాభం యజమానిది, గుట్ట ఊరిది. రేపు ఆ గుట్టకు కార్బన్ క్రెడిట్ల ధర పలికితే యజమాని మళ్లీ వస్తాడు. నేనడిగేదొకటే: ముందు గుట్టలు కప్పండి, పాత కూలీల ఊపిరితిత్తులు పరీక్ష చేయించండి. ఆ క్రెడిట్లు ఎవరి పేర వ్రాస్తారో తరవాత ఊరి ముందు చెప్పండి.