తెర ఖాళీ, ఆకాశం కాదు
అమెరికాలో చిన్న విమానాలు నడిపేవాళ్ల నోట ఓ ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది: ‘పక్కనుంచి విమానం వెళ్తుంటే కళ్లారా చూశాను, ఐప్యాడ్‌లో మాత్రం లేదు, ఈ డబ్బా పాడైంది.’ చుట్టుపక్కల విమానాలను ఐప్యాడ్‌లో చూపే, అరచేతిలో ఇమిడే ఆ ఏడీఎస్-బీ రిసీవర్‌ని నేనంత తొందరగా తప్పుపట్టను. అది వినే చెవే తప్ప వెతికే కన్ను కాదు. అవతలి విమానం తన ఉనికిని 1090 లేదా 978 మెగాహెర్ట్జ్‌లో చాటుకుంటేనే దానికి నేరుగా వినబడుతుంది. 2020 జనవరి నుంచి రద్దీ గగనతలంలో ఆ చాటింపు తప్పనిసరే గానీ గ్లైడర్లకు, కరెంటు వ్యవస్థ లేకుండా తయారైన పాత విమానాలకు మినహాయింపులున్నాయి. అసలు మెలిక నేలమీది స్టేషన్లది. రాడార్‌కు చిక్కిన మిగతా విమానాల వివరాలను అవి పంపేది ఏడీఎస్-బీ అవుట్, అంటే తమ ఉనికిని చాటే పరికరం, ఉన్నవాళ్ల కోసమే; అదీ వాళ్ల చుట్టూ 15 నాటికల్ మైళ్లు, పైకీ కిందికీ 3,500 అడుగుల మేరకే. ఆ అవుట్ లేకుండా రిసీవర్ ఒక్కటే పెట్టుకుని ఎగరడమంటే, పిలవని పెళ్లికి వెళ్లి పక్కవాడి విస్తరి వంక చూడటమే! ఇక మిమ్మల్నే అంటిపెట్టుకుని తిరిగే దయ్యం విమానం కనబడిందా, చాలాసార్లు అది మీరే. యాప్‌లో మీ విమానాన్ని గుర్తుపట్టే ఐకావో కోడ్ తప్పుగా పడి ఉంటుంది. యాంటెన్నాకు విమానం ఒళ్లే అడ్డొచ్చిందా, ఎండకు డబ్బా వేడెక్కి ఆగిందా అన్నది చూసుకోవడం రెండు నిమిషాల పని. నన్నడిగితే, కొత్త రిసీవర్‌కి పెట్టే డబ్బు ముందు ఏడీఎస్-బీ అవుట్ మీద పెట్టమంటాను.