టర్బో పోయిందా? తొందరపడకండి!

బాపట్ల నుంచి చీరాల వెళ్తున్నారు. ఈపురుపాలెం దగ్గర ముందున్న లారీని దాటేద్దామని ఇండికేటర్ వేసి, యాక్సిలరేటర్ తొక్కారు. మామూలుగా అయితే వెనక నుంచి ఎవరో నెట్టినట్టు దూసుకెళ్లే కారు... ఇవాళ కదలనంటోంది! ఇంజిన్ ఆగిపోలేదు. వింత చప్పుళ్లేమీ లేవు. బలమే లేదు. ఎదురుగా బస్సు, వెనక సీట్లో పిల్లలు. లారీ పక్కన ఇరుక్కుపోయిన ఆ నాలుగు క్షణాలూ ఎవరికైనా చెమటలు పట్టిస్తాయి.

పది, పదిహేనేళ్లు తిరిగిన టర్బో డీజిల్ కార్లలో ఎదురయ్యే సమస్యే ఇది. 2002లో వచ్చిన స్కార్పియో, 2005లో వచ్చిన ఇన్నోవా, 2007లో వచ్చిన డీజిల్ స్విఫ్ట్... ఆ తరం బళ్లు మన రోడ్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట- 'టర్బో పోయిందండీ!'. ఆ ఒక్క మాటతో ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది. కానీ చాలాసార్లు పాడయ్యేది టర్బో కాదు. దాని చుట్టూ ఉండే ఓ రబ్బరు గొట్టమో, క్లిప్పో, ఫిల్టరో! అందుకే తక్కువ ఖర్చుతో తేలేవాటి నుంచి మొదలుపెట్టి, టర్బోను ఆఖర్న చూడాలి.

కొలిమి తిత్తి లాంటిది

కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత వేసినా తిత్తి ఊదకపోతే మంట రాజుకోదు. ఇంజిన్‌లో టర్బో చేసేదీ అదే. సైలెన్సర్‌ వైపు పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తుంది. వేగం నిమిషానికి లక్ష చుట్లకు పైమాటే. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. డీజిల్ కారులోకి అది వచ్చింది మాత్రం 1978లో, మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌డీతో. 1248 సీసీల చిన్న ఇంజిన్‌తో స్విఫ్ట్ 75 హార్స్‌పవర్ ఇవ్వగలిగిందంటే ఈ తిత్తి పుణ్యమే.

గాలి తగ్గినా, డీజిల్ తగ్గినా, లెక్క ఎక్కడ తప్పినా ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ జాగ్రత్తపడుతుంది. ఇంజిన్ దెబ్బతినకుండా బలాన్ని తగ్గించేస్తుంది. మెకానిక్‌లు దీన్ని 'లింప్ మోడ్' అంటారు... అంటే కుంటినడక. ఇంటికి చేరుకోవచ్చు గానీ, ఓవర్‌టేక్ చేసే సాహసం వద్దు.

ముందు పక్కకు తీయండి

బలం తగ్గిందనిపించగానే ఓవర్‌టేక్ ఆలోచన మానుకుని, లారీ వెనక్కే వచ్చేయండి. హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకు ఆపండి. ఆయిల్ బొమ్మ ఎర్రగా వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకెక్కినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి. మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

మరో ప్రమాదమూ ఉంది. టర్బో సీలు పగిలితే ఇంజిన్ ఆయిల్ గాలి గొట్టంలోకి వచ్చేస్తుంది. ఆ ఆయిలే ఇంధనమై, మీరు తొక్కకపోయినా ఇంజిన్ పెద్ద రేసులో అరుస్తుంది. దట్టంగా పొగ వస్తుంది. తాళం తీసినా ఆగదు! అలాంటప్పుడు కంగారుపడకుండా బండి నిలబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేరు వేసి క్లచ్ వదిలేయాలి. ఇంజిన్ ఆగిపోతుంది. ఇది గేర్ల బళ్లకు మాత్రమే.

మూడు ప్రశ్నలు వేసుకోండి

మెకానిక్ దగ్గరికి వెళ్లేలోపు ఇంటివాళ్లే గమనించగల సంగతులు మూడున్నాయి. సగం రోగం వీటితోనే తేలిపోతుంది.

తగ్గింది ఇంజిన్ బలమేనా? తొక్కితే ఆర్పీఎం ముల్లు పైకి లేస్తూ, వేగం మాత్రం పెరగకపోతే తప్పు ఇంజిన్‌ది కాదు... క్లచ్ ప్లేటు అరిగిపోయిందన్నమాట. కాస్త దూరం నడిపాక ఒక చక్రం దగ్గర కాలిన వాసన, మిగతా చక్రాలకన్నా ఎక్కువ వేడి ఉంటే బ్రేకు పట్టేస్తోందని అర్థం. ఇవి రెండూ కానప్పుడే బోనెట్ ఎత్తాలి.

ఆపి స్టార్ట్ చేస్తే బలం తిరిగొచ్చిందా? వస్తే అది కుంటినడకే. ఏ వంతెన ఎక్కేటప్పుడో, గట్టిగా తొక్కినప్పుడో మళ్లీ అదే జరుగుతుంటే గాలి ఒత్తిడి లెక్క తప్పుతోంది. టర్బో రెక్కల కోణం మారే బళ్లలో మసి చేరి ఆ రెక్కలు బిగుసుకుపోతుంటాయి. ఎప్పుడూ ఊళ్లోనే మెల్లగా తిరిగే కార్లకు ఈ బెడద ఎక్కువ. టర్బోను అదుపు చేసే సన్నటి వాక్యూమ్ గొట్టాలు వేడికి పెళుసుబారి చిట్లినా ఇదే వరస. చాలాసార్లు ఆ గొట్టం ముక్క మారిస్తే సరిపోతుంది.

పొగ ఏ రంగు? వెనక బండిలో వచ్చేవాళ్లను అడిగితే చెబుతారు. నల్లపొగ అంటే డీజిల్ వస్తోంది, దానికి సరిపడా గాలి రావడం లేదు. అసలు పొగే లేకుండా బలం తగ్గితే డీజిల్ అందడం లేదేమోనని అనుమానించాలి. నీలంపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. టర్బో మీద అనుమానం పెట్టుకోవాల్సింది ఇక్కడే!

గాలి దారి... డీజిల్ దారి

నల్లపొగ వస్తే మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కూ, అక్కణ్నుంచి ఇంజిన్‌కూ వెళ్లే లావు రబ్బరు గొట్టాలు. ఇక్కడే చాలామంది మోసపోతారు. బండి నిలబడి ఉన్నప్పుడు గొట్టం బాగానే కనిపిస్తుంది. రోడ్డు మీద ఒత్తిడి పెరిగినప్పుడే చీలిక నోరు తెరుస్తుంది. 'స్స్స్...' మని కొత్త చప్పుడు వినిపిస్తే అదే గుర్తు. ఇంజిన్ చల్లారాక గొట్టాన్ని చేత్తో నొక్కి, వంచి చూడాలి. అతుకుల దగ్గర తాజాగా ఆయిల్ తడి కనిపిస్తే క్లిప్పు వదులైందేమో చూడాలి.

గొట్టాలు బాగుంటే తర్వాతి అనుమానం ఈజీఆర్ వాల్వు మీద. కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే కవాటం ఇది. మసి పట్టి తెరుచుకుని ఉండిపోతే స్వచ్ఛమైన గాలి రావాల్సిన చోట పొగే వస్తుంది. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు దారికొస్తుంది.

పొగ లేకపోతే డీజిల్ ఫిల్టర్ చూడండి. మార్చి ఎన్నాళ్లయిందో గుర్తులేదంటే... అదే జవాబు! ఫిల్టర్ అడుగున నీరు చేరినా బండి లాగదు. ట్యాంకులోని జల్లెడ పూడినా, డీజిల్ పైపులోకి గాలి దూరినా ఇంతే. వచ్చే గాలిని కొలిచే సెన్సర్ మురికి పట్టి తక్కువ లెక్క చెబితే, కంప్యూటర్ డీజిల్ కూడా తగ్గించి పంపిస్తుంది. అప్పుడూ పొగ కనిపించదు.

ఈపురుపాలెం, చీరాల, వాడరేవు లాంటి తీరప్రాంతాల వాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పుగాలికి కరెంటు కనెక్టర్లలో చిలుము పడుతుంది. సెన్సర్ బాగానే ఉన్నా సమాచారం చేరదు. కొత్త సెన్సర్ కొనేముందు కనెక్టర్ విప్పి శుభ్రం చేయించండి.

కోడ్ చెప్పేది రోగం పేరు కాదు

ఇప్పుడు చిన్న షెడ్లలోనూ స్కానర్లు ఉంటున్నాయి. పెట్టి చూశాక నంబరు అడిగి రాసుకోండి. పీ0299 అంటే టర్బో ఒత్తిడి తక్కువైంది. పీ0234 అంటే ఎక్కువైంది. పీ0087 అంటే డీజిల్ పీడనం తగ్గింది. అయితే జ్వరం వచ్చిందని థర్మామీటర్ చెబుతుంది గానీ, ఎందుకొచ్చిందో చెప్పదు కదా! పీ0299 రాగానే టర్బో మార్చేయడం ఆ థర్మామీటర్‌ను చూసి ఆపరేషన్ చేయడం లాంటిదే. గొట్టం చీలినా అదే నంబరు వస్తుంది. చూడకుండానే కోడ్ చెరిపేయమనొద్దు. ఆధారం పోతుంది.

అన్నీ చూశాకే టర్బో. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గాలి గొట్టం విప్పి, చక్రాన్ని వేలితో కదిపి చూపించమనండి. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే. ముందుకూ వెనక్కూ ఊగుతున్నా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా టర్బో పోయినట్టే. అప్పుడైనా 'ఎందుకు పోయింది?' అని అడగండి. ఆయిల్ వచ్చే సన్నటి గొట్టం మడ్డితో పూడిపోయి ఉంటే, దాన్ని బాగుచేయకుండా బిగించిన కొత్త టర్బో కూడా ఎన్నాళ్లో ఉండదు.

టర్బో పదికాలాలు ఉండాలంటే...

* కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే వాడాలి. మార్చే గడువు దాటనివ్వద్దు.
* స్టార్ట్ చేయగానే రేసు ఇవ్వొద్దు. ఆయిల్ టర్బో దాకా చేరనివ్వాలి.
* హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక అర నిమిషం, నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపాలి.
* డీజిల్ ఫిల్టర్ గడువుకు మార్చాలి. నీరు తీసే మర ఉంటే తీయిస్తుండాలి.
* ఊళ్లోనే తిరిగే బండిని అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు నడపాలి.
* షెడ్డులో మార్చిన పాత సామాను అడిగి తీసుకోవాలి. ఏది పోయిందో కళ్లతో చూడటం మీ హక్కు.